రాగి పట్టు

పదో తరగతికి నీటి విద్యుద్విశ్లేషణ చూపిస్తుంటే ఓ అమ్మాయి లేచింది. "సార్, కరెంటుతో నీళ్లు విడిపోయాయి కదా, సోడాలోని గ్యాసూ విడిపోతుందా?" "విడిపోవడమేంటమ్మా, మామిడికాయల్ని మగ్గబెట్టే ఇథిలీన్‌గా మారుతుంది. కాకపోతే కాథోడ్ రాగిదై ఉండాలి" అన్నాను. రాగే ఎందుకో చెప్పేలోపు గంట కొట్టారు. ఆ మిగిలిపోయిన జవాబే ఇది.

1985లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో యోషియో హోరి బృందం ఒక్కో లోహాన్నీ కాథోడ్‌గా పెట్టి, బైకార్బొనేట్ ద్రావణంలోకి కార్బన్ డయాక్సైడ్ పంపుతూ ఏం వస్తుందో చూసింది. సీసం, తగరం ఎక్కువగా ఫార్మేట్ ఇచ్చాయి. బంగారం, వెండి కార్బన్ మోనాక్సైడ్ ఇచ్చాయి. ఇనుము, నికెల్ దగ్గర దాదాపు హైడ్రోజనే. రాగి మాత్రం మీథేన్ ఇచ్చింది, ఆ తర్వాతి ప్రయోగాల్లో ఇథిలీన్ కూడా.

కిటుకంతా పట్టులో ఉంది. కార్బన్ డయాక్సైడ్ రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని, ఒక ఆక్సిజన్‌ను వదిలేసి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. బంగారం దాన్ని పట్టుకోదు, పుట్టగానే వెళ్లిపోతుంది. నికెల్ అసలు వదలదు. ఉపరితలమంతా దానితోనే నిండిపోయి కొత్త అణువులకు చోటుండదు, కరెంటు నీటిలోని హైడ్రోజన్‌కే ఖర్చవుతుంది. రాగి పట్టు ఈ రెండింటికీ మధ్యస్థం. మరిన్ని ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్ వచ్చి చేరేదాకా ఆ అణువు ఆగుతుంది. ఒంటరిగా ఉంటే మొత్తం 8 ఎలక్ట్రాన్లతో మీథేన్. పక్కన మరొకటి ఉండి రెండూ చెయ్యి కలిపితే, 12 ఎలక్ట్రాన్లతో ఇథిలీన్.

చెయ్యి కలుపుతాయా లేదా అన్నది రాగి పరమాణువుల అమరికను బట్టి కూడా ఉంటుంది. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. క్యారమ్ బోర్డు మధ్యలో రాణి చుట్టూ ఆరు బిళ్లలు పేర్చినట్టుండే స్ఫటిక ముఖం మీథేన్ వైపు మొగ్గుతుంది. అష్టాచెమ్మా గడుల్లా చదరంగా పేర్చిన ముఖం ఇథిలీన్ వైపు. లోహం అదే, కోత వేరు!

హోరి ఓపికకు ఇంకో ఉదాహరణ చెప్పాలి. రాగి కాసేపు పనిచేసి మొండికేస్తోందని, గంట తిరక్కముందే హైడ్రోజన్ తప్ప ఏమీ రావడం లేదని కొన్ని ప్రయోగశాలలు రాశాయి. తప్పు రాగిది కాదని ఆయన బృందం 2005లో చూపించింది. ద్రావణంలో లేశమాత్రంగా ఉన్న ఇనుము, జింకు రాగి మీద పేరుకుంటున్నాయి. ముందుగా వేరే ఎలక్ట్రోడ్‌తో ఆ ద్రావణానికి కరెంటిచ్చి మలినాలను లాగేస్తే చాలు.

ఆ తర్వాత కథ వేగం పుంజుకుంది. 2012లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక్క రాగి రేకు నుంచే 16 రకాల పదార్థాలను లెక్కపెట్టారు. అదే ఏడు అక్కడే మరో బృందం, రాగిని గాలిలో కాల్చి ఆక్సైడ్ పొర కట్టించి, దాన్ని తిరిగి లోహంగా మారిస్తే తక్కువ వోల్టేజికే పని జరుగుతుందని చూసింది. లీటరు నీటిలో కరిగే కార్బన్ డయాక్సైడ్ ఒకటిన్నర గ్రాములే కాబట్టి, రంధ్రాలున్న పొరకు రాగి పూత పూసి, గ్యాసును వెనకనుంచే అందించే పద్ధతి వచ్చింది. అలా 2018లో టొరంటో బృందం గాఢమైన క్షారంలో, పారిన కరెంటులో దాదాపు 70 శాతాన్ని ఇథిలీన్‌కే మళ్లించింది.

ఇప్పుడు తంటా ఆ క్షారంతోనే. రాగిని చేరకముందే చాలా గ్యాసు దానితో కలిసి కార్బొనేట్ అయిపోతోంది, ఆ ఉప్పు గడ్డకట్టి గ్యాసు వచ్చే రంధ్రాలనే పూడ్చేస్తోంది.