లడ్డు తిన్నది ఎవరు?

పిల్లలూ, పెద్దలూ! ముందుగా ఈ చిన్న వాక్యం ఒకసారి పైకి చదవండి.

"తమ్ముడు నిన్న లడ్డు తిన్నాడు."

ఉన్నవి నాలుగే నాలుగు మాటలు. మరి ఇందులో ముఖ్యమైన సంగతి ఏది? తిన్నది తమ్ముడు అన్నదా? తిన్నది లడ్డు అన్నదా? లేక నిన్న అన్నదా? ఈ ప్రశ్నకు ఒక్కో భాష ఒక్కో పద్ధతిలో జవాబు చెబుతుంది. మెల్బోర్న్ పడమటి శివార్లలో ప్రతి శనివారం మన పిల్లలకు తెలుగు చెబుతూ కొన్నేళ్ళుగా నేను గమనించిన విషయాలు మీతో పంచుకుందామని ఈ వ్యాసం. విచిత్రమేమిటంటే, మన వాక్యంలోని అందం నాకు బాగా తెలిసింది మా పక్క గదిలో జరిగే వియత్నామీ తరగతి వల్లనే!

గొంతుతో చెప్పే పద్ధతి

ఇంగ్లీషులో మాటల వరస దాదాపు స్థిరంగా ఉంటుంది. ముందు కర్త, తర్వాత క్రియ, ఆ తర్వాత కర్మ. వాటిని ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ మార్చడానికి వీల్లేదు. అందుకని ఏ మాట ముఖ్యమో ఆ మాటను కాస్త గట్టిగా, ఒత్తి పలుకుతారు. వాక్యాన్ని తిరగరాసి చెప్పే పద్ధతి వాళ్ళకూ ఉంది కానీ, రోజువారీ మాటల్లో ఎక్కువ పని గొంతే చేస్తుంది.

ఇక్కడ పెరిగే మన పిల్లలు తెలుగు మాట్లాడేటప్పుడు ఆ అలవాటునే వెంట తెచ్చుకుంటారు. లడ్డు ఎవరు తిన్నారని అడిగితే, "తమ్ముడు తిన్నాడు" అని మొదటి మాటను ఒత్తి పలుకుతారు. మాటలన్నీ తెలుగే, తప్పు ఒక్కటీ లేదు. కానీ విజయవాడలో ఫోను పట్టుకున్న అమ్మమ్మకు వినిపించేది వేరు. "ఎందుకే తల్లీ, అంత కోపం?" అంటుంది పాపం! మనవరాలికి కోపమేమీ లేదు. తను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాటను తెలుగులో ఎలా ఎత్తి చూపాలో తెలియదు, అంతే.

ఒక్క అక్షరం, ఒక్క మలుపు

తెలుగులో దీనికి రెండు చక్కని సాధనాలున్నాయి.

మొదటిది "ఏ" అనే ఒక్క అచ్చు. దాన్ని ఏ మాటకు తగిలిస్తే ఆ మాట మీద దీపం పెట్టినట్టే. "తమ్ముడే తిన్నాడు" అంటే ఇంకెవరూ కాదు. "లడ్డే తిన్నాడు" అంటే ఇంకేదీ కాదు. "నిన్ననే తిన్నాడు" అంటే ఇంకెప్పుడో కాదు. ప్రశ్నకు "ఆ" కూడా అంతే. "తమ్ముడా? లడ్డా? నిన్ననా?" అని సందేహం ఉన్న మాటకే దాన్ని తగిలిస్తాం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి ఇంగ్లీషులో రాయగా 1985లో వచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఇలాంటి చిన్న ప్రత్యయాల గురించి వివరంగా ఉంది. ఆసక్తి ఉన్న తల్లిదండ్రులు చదవవచ్చు.

రెండవది వాక్యాన్ని మలుపు తిప్పడం. చూడండి:

"నిన్న లడ్డు తిన్నది తమ్ముడు."
"తమ్ముడు నిన్న తిన్నది లడ్డు."
"తమ్ముడు లడ్డు తిన్నది నిన్న."

ఏది ముఖ్యమో అది చివరికి వచ్చి కూర్చుంది. మిగతాదంతా ముందే తెలిసిన సంగతిలా వెనక్కి తగ్గింది. ఈ పాఠం చెప్పినప్పుడు ఎనిమిదేళ్ళ బాబు ఒకడు చెయ్యెత్తాడు. "టీచర్, తమ్ముడు అబ్బాయి కదా? తిన్నాడు అనాలి, తిన్నది అంటారేం?" ఎంత మంచి ప్రశ్న! "తిన్న" అన్నదానికి "అది" చేరితే "తిన్నది" అయింది. అంటే అది ఇక్కడ క్రియగా కాక ఒక పేరులా పనిచేస్తోంది. అందుకే నేను తిన్నది, నువ్వు తిన్నది, వాళ్ళు తిన్నది, అందరికీ ఒక్కటే రూపం. ఆడా మగా తేడా లేదు.

ఇక "లేదు", "కాదు" సంగతి. "తమ్ముడు లడ్డు తినలేదు" అంటే తినడమే జరగలేదు. "తమ్ముడు తిన్నది లడ్డు కాదు" అంటే ఏదో తిన్నాడు, అది లడ్డు మాత్రం కాదు, బహుశా అరిసె. "లడ్డు తిన్నది తమ్ముడు కాదు" అంటే మరి డబ్బా ఖాళీ చేసిన దొంగ ఇంకెవరో ఉన్నారు! ఇంగ్లీషులో ఒకే వాక్యాన్ని మూడు రకాలుగా ఒత్తి చెప్పే ఈ తేడాలను తెలుగు గొంతు పెంచకుండానే చెప్పేస్తుంది.

పక్క గది పాఠం

వియత్నాం నుంచి శరణార్థుల మొదటి పడవ 1976 ఏప్రిల్ 26న డార్విన్ తీరం చేరింది. అందులో ఉన్నది అయిదుగురే. 2021 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో వియత్నామీ మాట్లాడేవారు 3,20,000 పైచిలుకు. మెల్బోర్న్‌లో ఫుట్‌స్క్రే, స్ప్రింగ్‌వేల్, సిడ్నీలో కాబ్రమాటా వెళితే వాళ్ళ దుకాణాలు, ఫలహారశాలలు మనందరికీ పరిచయమే. అదే లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు 59,000.

వియత్నామీ భాషలో గొంతు ఎత్తు మారితే మాటే మారిపోతుంది. "మా" అన్న అక్షరాన్ని ఒక స్వరంలో పలికితే దయ్యం, ఇంకో స్వరంలో అమ్మ, మరో స్వరంలో వరినారు! ఉత్తరాది ఉచ్చారణలో ఇలాంటి స్వరాలు ఆరు, దక్షిణాదిలో అయిదు. గొంతుకు అప్పటికే ఇంత పని ఉంటే, ముఖ్యమైన మాటను ఎత్తి చూపే భారమంతా దాని మీద వెయ్యడం కష్టం. ఆ భారంలో చాలా భాగం చిన్న చిన్న మాటలు, మాటల వరస మోస్తాయి.

పక్క గది టీచరమ్మ నాకు చెప్పిన ఉదాహరణలు వినండి. "కమ్ థీ తోయ్ అన్ రోయ్." మాటకు మాట చూస్తే అన్నం, అయితే, నేను, తిను, అయిపోయింది. "అన్నమైతే తినేశాను" అన్నమాట. అన్నాన్ని ముందుకు తెచ్చి "థీ" చేర్చారు. మిగతా వంటకాల సంగతి వేరే అన్న ధ్వని కూడా మన "అయితే"లో ఉన్నట్టే అందులోనూ ఉంది. "తమ్ముడే" అనాలంటే తమ్ముడికి ముందు "చిన్" అన్న మాట పెడతారు. మనం చివర పెట్టేది వాళ్ళు ముందు పెడతారు, పని మాత్రం ఒకటే. మామూలుగా లేదనడానికి "ఖోంగ్", అది కాదు ఇది అనడానికి "ఖోంగ్ ఫాయ్". మన "లేదు", "కాదు" గుర్తొచ్చాయా?

ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదు. మనది ద్రావిడ కుటుంబం, వాళ్ళది ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబం. అయినా అక్కడి పిల్లలదీ మన పిల్లల ఇబ్బందే. వాళ్ళూ "చిన్", "థీ" వదిలేసి ఇంగ్లీషు పిల్లల్లా గొంతు పెంచుతున్నారని ఆవిడ బాధ. ఆ మాట విన్నప్పుడు నాకు ఎంతో దగ్గరివాళ్ళు దొరికినట్టనిపించింది.

ఇంత పట్టింపు ఎందుకు?

ఊరి నుంచి వచ్చిన నాయనమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారనుకోండి. "నేను ఆపేసింది బీపీ మాత్ర కాదమ్మా, షుగరు మాత్ర" అంటుంది ఆవిడ. మాటలు మాత్రమే తెలిసి మలుపు తెలియని మనవడికి చెవిన పడేది "ఆపేసింది, బీపీ మాత్ర". ఆ "కాదు" జారిపోతే ఎంత ప్రమాదం! ఇలాంటి చోట పిల్లల మీద భారం పెట్టకుండా టెలిఫోను దుభాషి సేవ 131 450కి ఫోను చేసి తెలుగు దుభాషిని అడగడం మంచిది. కానీ ఇంట్లో నాయనమ్మతో మాట్లాడడానికి దుభాషిని పెట్టుకోలేం కదా. ఆవిడ ఏ మాట మీద దీపం పెట్టిందో చూడగలిగితేనే ఆవిడ మనసు తెలుస్తుంది.

ఇంట్లో ఆడుకునే ఆట

పిల్లలూ, రాత్రి భోజనాల దగ్గర ఈ ఆట ఆడండి. ఒకరు కావాలని తప్పు వాక్యం చెప్పాలి. "నాన్న పొద్దున దోసె చేశాడు." మిగతావారు గొంతు పెంచకుండా సరిదిద్దాలి. "దోసె చేసింది నాన్న కాదు, అమ్మ." "నాన్న చేసింది దోసె కాదు, ఉప్మా." "నాన్న దోసె చేసింది పొద్దున కాదు, రాత్రి." గొంతు పెంచినవారికి ఒక మార్కు కోత! మీ వీధిలో వియత్నామీ స్నేహితులుంటే వాళ్ళనూ పిలవండి. వాళ్ళ భాషలో ఎలా అంటారో అడిగి నేర్చుకోండి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లలు "తమ్ముడు తిన్నాడు" అని ఒత్తి పలికినప్పుడు నవ్వకండి, విసుక్కోకండి. "ఓహో, తమ్ముడే తిన్నాడా?" అని మెల్లగా తిరిగి అనండి చాలు. ఆ "ఏ" వాళ్ళ చెవిన పడుతుంది. నాలుగుసార్లు పడ్డాక నాలుక మీదికి అదే వస్తుంది.