బజారుకు దారి ఎటు?

వ్యాపార కుటుంబంలో పుట్టిన బిడ్డకు పెట్టుబడికంటే ముందు దక్కే ఆస్తి పరిచయాలు. తండ్రి దుకాణానికి సరుకు పంపే సేటు, లెక్కలు చూసే గుమాస్తా, పక్క ఊరి కమీషన్ వ్యాపారి, పెళ్ళిళ్ళలో కలిసే బంధువులు, వీరి మాటసాయంతోనే అతని మొదటి బేరం కుదురుతుంది. ఆ ఆస్తి లేని పిల్లలు మన ఇళ్ళలో ఎక్కువ. మెకానిక్ కొడుకు ఎం.బి.ఎ. పూర్తిచేశాడు. దర్జీ కూతురు ఇంట్లోనే నాలుగు మిషన్లు పెట్టి దుస్తుల తయారీ మొదలుపెట్టింది. సరుకు ఉంది, చదువు ఉంది, కష్టపడే గుణమూ ఉంది. కొనేవారి వాకిలి ఎక్కడుందో చెప్పే మనిషి లేడు. లింక్డిన్ వంటి వృత్తి పరిచయ వేదికలు నిజంగా అక్కరకు రావలసింది ఇలాంటివారికే. అయితే అపరిచితుణ్ణి పలకరించడం కూడా ఒక విద్యే. దాన్ని నేర్పేవారు లేక మన పిల్లలు ఆ వాకిట చిన్నబుచ్చుకుని వెనుదిరుగుతున్నారు.

ఈ వేదిక సంగతి తెలియని పెద్దల కోసం కొద్దిగా చెప్పుకుందాము. లింక్డిన్ 2003 మే నెలలో అమెరికాలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని 2,620 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2023 నాటికి దాని సభ్యుల సంఖ్య 100 కోట్లు దాటింది. మీకు నేరుగా పరిచయమున్నవారిని అది మొదటి వరుసలో చూపుతుంది. వారికి పరిచయమున్నవారు రెండో వరుస, ఆపైవారు మూడో వరుస. పరిచయం లేని వ్యక్తికి ఆహ్వానం పంపవచ్చు, దానితోపాటు చిన్న లేఖ జతచేయవచ్చు. ఆ లేఖ రెండు మూడు వందల అక్షరాలకు మించరాదు. ఉచితంగా వాడుకునేవారికి నెలకు కొన్ని లేఖలే అనుమతిస్తారు. వారానికి పంపే ఆహ్వానాలకూ ఒక హద్దు ఉంది. ఎక్కువమంది ‘ఈయన మాకు తెలియదు’ అని గుర్తుపెడితే పంపినవారి ఖాతాపైనే ఆంక్షలు పడతాయి. కనుక ‘ఫోనులో నీకేం పని?’ అని పిల్లవాణ్ణి గదిమే తండ్రి, ఆ ఫోనులో అతను ఒక బజారులో నిలబడి ఉన్నాడేమో ముందు కనుక్కోవడం మంచిది.

మా వద్ద చదువుకుని, తరువాత కళాశాలకు వెళ్ళిన గుంటూరు యువకుడొకరు ఎండుమిర్చి ఎగుమతి ప్రారంభించారు. ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరుపొందిన మిర్చి యార్డు వారి ఊళ్ళోనే ఉంది. ఎగుమతికి కావలసిన ఐ.ఇ.సి. కోడ్ తీసుకున్నారు, స్పైసెస్ బోర్డులో నమోదు చేయించుకున్నారు. కొనేవారి కోసం మలేసియా, శ్రీలంక, గల్ఫ్ దేశాల దిగుమతిదారులను లింక్డిన్‌లో వెదికి పదులకొద్దీ ఆహ్వానాలు పంపారు. అందరికీ ఒకటే మాట: “మేము నాణ్యమైన గుంటూరు మిర్చి ఎగుమతి చేస్తాము, మంచి ధర ఇస్తాము, మీ ఆర్డరు తెలపండి.” నెల దాటినా జవాబు లేదు. “హజ్రత్, మా పేరు చూసి జవాబివ్వడం లేదేమో” అని బాధపడ్డారు. పేరునుబట్టి మనిషిని దూరంపెట్టేవారు లోకంలో లేరని మేము అనము. కాని కౌలాలంపూర్‌లోని కొనుగోలు అధికారి స్థానంలో ఒక్క నిమిషం కూర్చుని చూడండి. అలాంటి ఉత్తరాలు ఆయనకు రోజూ వస్తుంటాయి. ఎవరి పేరు తీసి ఎవరి పేరు పెట్టినా ఆ ఉత్తరం మారదు. పరిచయమే లేని మనిషి మొదటి మాటలోనే డబ్బు ఖర్చుచేయమంటున్నాడు. ఆయన మౌనానికి వేరే కారణం వెదకనక్కరలేదు.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వృత్తాంతం మన ఇళ్ళలో తరచుగా చెప్పుకునేదే. ఆయన మక్కాలోని ఆస్తిని వదులుకుని మదీనాకు వలస వచ్చారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆయనకూ, అన్సారీ అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కీ మధ్య సోదర బంధం ఏర్పరిచారు. సఅద్ తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. అబ్దుర్రహ్మాన్ ఆయన కోసం దుఆ చేసి, ఆ సంపదను స్వీకరించకుండా బజారు ఎక్కడుందో చూపమన్నారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్ళి వ్యాపారం చేసి నెయ్యి, ఎండు జున్ను సంపాదించుకుని తిరిగివచ్చారు. ఈ వృత్తాంతాన్ని ఆత్మగౌరవానికి ఉదాహరణగా చెబుతారు, అది సరైనదే. మాకు ఇందులో వ్యాపార యుక్తి కూడా కనిపిస్తుంది. కొత్త ఊళ్ళో కొత్త మనిషిని ఏమి అడగాలో ఆయనకు తెలుసు. దారి చెప్పినందువల్ల చెప్పినవారికి తరిగేదేమీ లేదు, అడిగినవారికి మాత్రం బతుకుదెరువు దొరుకుతుంది.

ఆ యువకునికి మేము చెప్పింది ఇంతే: ఆర్డరు అడగకండి, దారి అడగండి. ఆయన తన ఉత్తరాన్ని తిరగరాశారు. తెలుగులో చెప్పుకుంటే అది ఇలా ఉంటుంది: “అయ్యా, మాది గుంటూరు. ఎండుమిర్చి ఎగుమతిలో కొత్తవాళ్ళము. మీరు చాలాకాలంగా మసాలా దినుసులు దిగుమతి చేసుకుంటున్నారని మీ పరిచయ పత్రంలో చూశాము. మీ మార్కెట్లో తేజ రకాన్ని తొడిమతో అడుగుతారా, తొడిమ తీసి అడుగుతారా? వీలైతే తెలుపగలరు.” ఇందులో తానెవరో దాచలేదు. కొత్తవాళ్ళమన్న సంగతీ దాచలేదు. ఎదుటివారి పని గురించి చదివిన ఆనవాలు ఉంది. ఒకే ప్రశ్న ఉంది, దానికి జవాబు ఒక్క వాక్యంలో ఇవ్వవచ్చు. ఆ ప్రశ్న అడిగినవాడికి సరుకు తెలుసునని వ్యాపారి ఇట్టే పసిగడతాడు. వ్యాపారంలో ప్రవేశపత్రం లాంటిది అదే.

ఈసారి కొందరు పలికారు. వారిలో ఒకరు తొడిమ తీసిన సరుకే కావాలనీ, ధర మాట్లాడే ముందు ఆఫ్లటాక్సిన్ పరీక్ష నివేదిక చూస్తామనీ రాశారు. కల్లంలో చెమ్మ ఆరని కాయకు పట్టే బూజునుంచి పుట్టే విషపదార్థమే ఆఫ్లటాక్సిన్. దానిని పరీక్షించే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉంది. యువకుడు నమూనా తీసుకుని అక్కడికి వెళ్ళారు. ఆర్డరు ఇంకా రాలేదు. అయినా ఏ సరుకు, ఏ కాగితంతో అమ్ముడుపోతుందో సముద్రం అవతలి అపరిచితుడొకరు చెప్పారు. ఊళ్ళోని పోటీదారులు అడిగినా చెప్పని సంగతి అది.

దూరపు పరిచయాల బలం గురించి పండితులు కూడా పరిశోధించారు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో దీనిపై ప్రసిద్ధ వ్యాసం రాశారు. దగ్గరివారికి తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి, కొత్త సమాచారం దూరపు పరిచయస్తులనుంచే వస్తుందన్నది ఆయన వాదనలోని సారం. లింక్డిన్‌లోనే 5 ఏళ్ళపాటు 2 కోట్లమందిపై జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడ్డాయి. ఉద్యోగాలు మారడంలో ఎక్కువగా తోడ్పడింది మరీ దగ్గరివారూ కాదు, బొత్తిగా ముఖమెరుగనివారూ కాదు, కొద్దిపాటి ఉమ్మడి పరిచయం ఉన్నవారేనని తేలింది. (తమపై ప్రయోగం జరుగుతున్నదని ఆ సభ్యులకు తెలియదన్న విమర్శ కూడా వచ్చింది, అది న్యాయమైన విమర్శే.) కనుక మూడో వరుసలోని పెద్ద అధికారికి ఆహ్వానం పంపే ముందు రెండో వరుసలో ఎవరున్నారో చూసుకోవాలి. మధ్యనున్న మనిషి పేరు వాడుకోదలిస్తే ముందుగా ఆయన అనుమతి తీసుకోవాలి. అడగకుండా ‘ఫలానావారు మాకు బాగా తెలుసు’ అని రాయడం అమానతులో ఖియానతు కిందికే వస్తుంది.

ఇక జవాబు రానప్పటి మర్యాద. పరుల ఇంటికి వెళ్ళినప్పుడు అనుమతి కోరాలనీ, తిరిగి వెళ్ళమంటే వెళ్ళిపోవాలనీ సూరె నూర్ నేర్పుతుంది. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఖలీఫా ఉమర్ (రజి) వాకిట మూడుసార్లు అనుమతి అడిగి, జవాబు రాకపోవడంతో తిరిగి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళిపోయావని ఖలీఫా అడిగితే, ప్రవక్త (స) నేర్పినది అదేనని చెప్పి సాక్షిని కూడా చూపించారు. లింక్డిన్ సంస్థే ఒకసారి ఈ మర్యాద దాటింది. సభ్యుల పేరుమీద వారి పరిచయస్తులకు గుర్తుచేసే ఈమెయిళ్ళు పదేపదే పంపిందని 2013లో అమెరికా న్యాయస్థానంలో దావా పడింది. 2015లో 1 కోటీ 30 లక్షల డాలర్లతో రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. ఫోనులోని అపరిచితుని విషయంలో మా దృష్టిలో మూడు కూడా ఎక్కువే. ఒక ఉత్తరం, పదిహేను రోజుల తరువాత ఒక జ్ఞాపిక చాలు. ఆపైన కినుక లేకుండా మరో వాకిలి చూసుకోవాలి.

స్త్రీల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఉద్యోగ వ్యాపారాలలో ఉన్న మన ఆడబిడ్డలు ఈ వేదికపై తమ ఫోటో పెట్టాలన్నా సంకోచిస్తున్నారు. వ్యాపారం పేరుతో పలకరించి, మూడో మాటకల్లా అందచందాల ప్రస్తావనకు దిగేవారు ఉండడమే ఇందుకు కారణం. అమ్మాయిని లింక్డిన్ మానేయమనడం మాకు న్యాయంగా తోచదు. హద్దుమీరినవాడిని నిరోధించడం, ఫిర్యాదు చేయడం ఆమెకు నేర్పాలి. ఇంట్లోని కొడుకు ఎవరికేమి రాస్తున్నాడో కూడా తల్లిదండ్రులు అడగాలి.

పలకరించే అపరిచితులందరూ వ్యాపారులు కారు. ‘పెద్ద ఆర్డరు ఇస్తాము, ముందు రిజిస్ట్రేషన్ రుసుము కట్టండి’ అన్నా, ‘గల్ఫ్ ఉద్యోగం సిద్ధం, వీసా ఖర్చు పంపండి’ అన్నా అక్కడితో ఆగాలి. ఆ ఖాతా ఏ నెలలో తెరిచారో లింక్డిన్ చూపుతుంది. నిన్న మొన్న తెరిచిన ఖాతాలో ఇరవై ఏళ్ళ అనుభవం కనిపిస్తే అనుమానించాలి. విదేశీ ఉద్యోగాల ఏజెంట్ల నమోదును కేంద్ర ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. కొత్త కొనుగోలుదారు సరుకు తీసుకుని డబ్బు ఎగవేస్తాడన్న భయముంటే, 1957లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఇ.సి.జి.సి. ఎగుమతిదారులకు బీమా ఇస్తున్నది. ఆర్థిక మోసం జరిగిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైనకొద్దీ సొమ్ము ఒక ఖాతానుంచి మరో ఖాతాకు జారిపోతుంది.

స్థిరపడిన సోదరులతో కూడా ఒక మాట. హైటెక్ సిటీ కార్యాలయాల్లో, రియాద్, దుబాయ్ సంస్థల్లో మంచి హోదాల్లో ఉన్నవారు మనలో తక్కువేమీ కారు. అబ్దుర్రహ్మాన్ (రజి) దారి అడిగినప్పుడు చూపడానికి మదీనాలో మనిషి ఉన్నారు. మీ పెట్టెలో జవాబులేక పడి ఉన్న ఉత్తరాలలో, మర్యాదగా ఒకే ప్రశ్న అడిగినవి ఈ శుక్రవారం నమాజు తరువాత ఒకసారి తెరిచి చూడండి. “ఇది మా విభాగం చూసే పని కాదు, ఫలానా విభాగానికి రాయండి” అని జవాబివ్వడానికి నిమిషం పట్టదు.