పాత ఇంజనుకు ఏ ఆయిల్?

అంబర్‌పేట నుంచి రామంతాపూర్ మీదుగా ఉప్పల్ వరకు, అటు నుంచి హబ్సిగూడ, నాచారం వైపు విస్తరించిన తూర్పు హైదరాబాద్‌లో పాత అంబాసిడర్‌నో, ప్రీమియర్ పద్మినినో అపురూపంగా కాపాడుకుంటున్నవారికి ఆయిల్ మార్చే వేళ వచ్చిందంటే రెండు రకాల సలహాలు ఎదురవుతాయి. ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోస్తే ఇంజనుకు పూర్వపు జవసత్వాలు వస్తాయని కొందరంటే, పాత బండికి ఎంత చిక్కటి ఆయిల్ పోస్తే అంత మంచిదని మరికొందరంటారు. ఆ ఇంజను నిర్మాణం ఎలాంటిదో, అది ఏ ఎండల్లో తిరుగుతుందో, ఏడాదిలో ఎన్నిసార్లు షెడ్డు దాటుతుందో విచారించకుండా ఇచ్చేవి కాబట్టి ఈ రెండు సలహాలూ తరచు గురి తప్పుతాయి.

ఇంజనులో తిరిగే క్రాంక్ షాఫ్ట్ తన బేరింగుల మీద నేరుగా ఆనదు. పంపు నెట్టిన ఆయిల్ ఏర్పరిచే సన్నని పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర తెగకుండా నిలవాలంటే ఆయిల్‌కు తగినంత చిక్కదనం ఉండాలి. ప్రవాహాన్ని నిరోధించే ఈ గుణానికే శాస్త్ర పరిభాషలో స్నిగ్ధత అని పేరు. నూనె ఏదైనా వేడికి పలచబడుతుంది, చలికి గట్టిపడుతుంది. డబ్బా మీద ముద్రించే 20డబ్ల్యూ-50 వంటి సంఖ్యలు ఈ మార్పును కొలవడానికి అమెరికాలోని ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం ఏర్పరచిన ప్రమాణాలు. వీటిలో డబ్ల్యూ అక్షరం చలికాలానికి గుర్తు కాగా, దానికి ముందున్న సంఖ్య చలిలో ఇంజను ఎంత తేలికగా తిరగగలదో తెలుపుతుంది. తరువాతి సంఖ్య 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా మిగులుతుందో తెలుపుతుంది. ఆ వేడిలో 30 శ్రేణి ఆయిల్ స్నిగ్ధత 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్సుల మధ్య, 40 శ్రేణిది 12.5 నుంచి 16.3 మధ్య, 50 శ్రేణిది 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలని నియమం.

ముందరి సంఖ్య విషయంలో హైదరాబాద్ వాసులు అంతగా తల బద్దలు కొట్టుకోనక్కరలేదు. 20డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు దిగువన 15 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు దిగువన 30 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల దరిదాపులకు దిగితేనే గజగజ వణికే ఊరికి 5డబ్ల్యూ కోసం అదనంగా డబ్బు పోయడంలో అర్థం లేదు. పైగా ముందు, వెనుక సంఖ్యల మధ్య అంతరం పెరిగేకొద్దీ, వేడిలో చిక్కదనం పడిపోకుండా కలిపే పాలిమర్ల అవసరం సాధారణంగా పెరుగుతుంది. గొలుసుల్లాంటి ఆ పొడవాటి అణువులు ఇంజను రాపిడికి క్రమంగా తెగిపోవడంతో ఆయిల్ తన వెనుక సంఖ్యను నిలుపుకోలేకపోతుంది.

అసలు పరీక్ష వేసవిలో ఎదురవుతుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అంబర్‌పేట, ఉప్పల్ మధ్య రద్దీలో అడుగడుగునా ఆగుతూ కదిలే పాత అంబాసిడర్‌లో, ఫ్యాను, నీళ్ల పంపు ఇంజను బెల్టుతోనే తిరుగుతాయి కనుక ఇంజను నెమ్మదించినప్పుడు శీతలీకరణ కూడా నెమ్మదిస్తుంది. ఆయిల్ పంపు పరిస్థితీ అంతే. అంటే ఆయిల్ బాగా పలచబడిన సమయంలోనే దాన్ని నెట్టే బలం తగ్గుతుంది. సిగ్నల్ దగ్గర నిలిచినప్పుడు ఆయిల్ ప్రెషర్ దీపం మినుకుమని, యాక్సిలరేటర్ తొక్కగానే ఆరిపోవడానికి తరచు కారణం ఇదే. 20డబ్ల్యూ-40 స్థానంలో 20డబ్ల్యూ-50 పోస్తే దీపం వెలగడం మానవచ్చు గాని, అరిగిన బేరింగు షెల్స్ మాత్రం బాగుపడవు. ఆయిల్‌ను ఇంకా ఇంకా చిక్కబరుస్తూ ఆ లోపాన్ని కప్పిపుచ్చితే, చల్లటి ఉదయం స్టార్టు చేసినప్పుడు పై భాగంలోని రాకర్లకు ఆయిల్ ఆలస్యంగా చేరి, అరుగుదల మరోచోట మొదలవుతుంది.

బండి పేరు తెలిసినంత మాత్రాన దాని ఇంజను ఏదో తెలిసినట్లు కాదు. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టి 2014 వరకు తయారుచేసిన అంబాసిడర్‌లో మొదట సైడ్ వాల్వు ఇంజను, తరువాత బి-సిరీస్‌గా పేరొందిన 1,489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను, 1990లలో ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను వచ్చాయి. వీటితోపాటు డీజిలు ఇంజన్లూ ఉన్నాయి. ఫియట్ 1100 సంతతికి చెందిన పద్మినిది 1,089 సీసీ ఇంజను. బి-సిరీస్ వంటి ఇంజన్లను విడిభాగాల మధ్య ఇప్పటి కార్లకంటే ఎక్కువ ఖాళీలు వదిలి రూపొందించారు. పైగా ఆ ఇంజను తొలి రూపాల్లో క్రాంక్ షాఫ్ట్ వెనుక కొసకు నేటి కార్లలో ఉండే రబ్బరు సీలు లేదు. షాఫ్ట్ మీద మరచుట్టులా కోసిన గాడి, తిరుగుతున్నంతసేపు ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. షాఫ్ట్ ఆగితే ఆ తోపు ఉండదు. అలాంటి ఇంజనులో 5డబ్ల్యూ-30 పోస్తే నేల మీద మడుగు కనిపించడమే కాక, కారిన ఆయిల్ క్లచ్ ప్లేటుకు అంటుకుని క్లచ్ జారడం కూడా మొదలుకావచ్చు.

చిక్కదనం తేలిన తరువాత చూడవలసింది ఆయిల్‌లో కలిపిన రసాయనాలు. పాత ఓవర్‌హెడ్ వాల్వు ఇంజన్లలో క్యామ్ షాఫ్ట్ ఉబ్బు, ట్యాపెట్ అనే చిన్న ఉక్కు బిళ్ల అడుగు భాగాన్ని నేరుగా ఒరుసుకుంటూ పైకి లేపుతుంది. వాల్వు స్ప్రింగు బిగువంతా అక్కడ ఒక సన్నని గీత మీద పడడంతో ఆయిల్ పొర ఒక్కొక్కసారి పూర్తిగా నలిగిపోతుంది. అప్పుడు లోహాన్ని కాచేది జింకు, ఫాస్ఫరస్, గంధకాలతో కూడిన జెడ్‌డీడీపీ అనే పదార్థం: ఒత్తిడికి, వేడికి అది విచ్ఛిన్నమై లోహం మీద గాజు వంటి ఫాస్ఫేట్ పూతగా ఏర్పడి, లోహానికి బదులు తానే అరిగిపోతుంది. 1940ల నుంచి ఆయిళ్లలో వాడుకలో ఉన్న ఈ పదార్థానికి చిక్కు తెచ్చిపెట్టింది పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరు. ఇంజనులో కాలిన కొద్దిపాటి ఆయిల్ నుంచి వెలువడే ఫాస్ఫరస్ ఆ కన్వర్టరును నిర్వీర్యం చేస్తుంది కాబట్టి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, తన ప్రమాణాల్లో ఫాస్ఫరస్‌కు హద్దు పెట్టింది. 2004 నాటి ఎస్ఎమ్ ప్రమాణంతో ఆ హద్దు 0.08 శాతానికి దిగింది.

పాత కార్ల యజమానుల్లో ఎస్ఎమ్, ఎస్ఎన్ అన్న అక్షరాలు చూస్తేనే బెదిరే ధోరణి ఇక్కడినుంచే పుట్టింది. అయితే ఆ హద్దు 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పలుచని శ్రేణులకు వర్తిస్తుందే గాని 20డబ్ల్యూ-50కి వర్తించదన్న సంగతి చాలామందికి తెలియదు. కనుక 20డబ్ల్యూ-50 డబ్బా మీద ఎస్ఎన్ అని ఉన్నంత మాత్రాన దాన్ని తిరస్కరించనక్కరలేదు. తయారీదారు ఇచ్చే సాంకేతిక పత్రంలో ఫాస్ఫరస్ 0.10 శాతం ప్రాంతంలో ఉంటే సాధారణ స్ప్రింగులున్న అంబాసిడర్‌కు, పద్మినికి అది చాలు. విడిగా సీసాల్లో అమ్మే జింకు మందును అదనంగా పోయడం మాత్రం వివేకం కాదు, మోతాదు మించితే ఆ రసాయనమే లోహానికి హాని చేస్తుంది. జింకు ఎక్కువ ఉంటుందని లారీలకు పోసే డీజిలు ఆయిల్‌ను పెట్రోలు కార్లలో వాడే అలవాటుకూ కొంత ఆధారం ఉంది గాని, దానిలోని అధిక శుద్ధికారకాలు అరిగిన రింగులున్న ఇంజనులో కాలి, ప్లగ్గుల మీద బూడిదగా పేరుకుంటాయి.

శుద్ధికారకాలు మసిని, జిగురును కడిగి ఆయిల్‌లో తేలుతూ ఉండేలా చేసే పదార్థాలు. ఏళ్ల తరబడి కదలని కారు చేతికి వచ్చినప్పుడు, ఇంజను కింద ఆయిల్ నిలిచే చాంబరు అడుగున మడ్డి పేరుకుని ఉంటే, కొత్త ఆయిల్ ఆ మడ్డిని ఒక్కసారిగా ఊడదీసి పంపు జల్లెడను మూసివేసే ప్రమాదముంది. అటువంటి బండికి చాంబరు విప్పి జల్లెడ కడిగించిన తరువాతే కొత్త ఆయిల్ పోయించాలి. కొద్ది వందల కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టరు మళ్లీ మార్చాలి.

ఆయిల్ చరిత్రలో ఈ ప్రాంతానికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాల రోటరీ ఇంజన్లకు పోసినది ఆముదం. ఆ ఇంజన్లలో ఇంధనం క్రాంక్ కేసు గుండానే ప్రవహించేది, పెట్రోలులో తేలికగా కరగని ఆముదం ఆ స్థితిలోనూ పొరగా నిలిచేది. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టభూముల్లో తరతరాలుగా పండిన ఈ పంట నూనెకు ఉన్న లోపమల్లా, వేడికి జిగురుగా మారి ఇంజను భాగాలకు పట్టుకోవడం. 1944లో హైదరాబాద్ రాజ్య ప్రయోగశాలగా మొదలై 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా, 1989లో భారత రసాయన సాంకేతిక సంస్థగా మారిన తార్నాకలోని ఐఐసీటీలో, మొక్కల నూనెలను రసాయనికంగా మార్చి కందెనలు తయారుచేసే దిశగా పరిశోధనలు జరిగాయి. అంతమాత్రాన పాత కారులో ఇంటి ఆముదం పోయవచ్చునని కాదు. ఖనిజ ఆయిల్‌తో అది సరిగా కలవదు.

ఆయిల్ ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు కిలోమీటర్ల లెక్క ఒక్కటే చాలదు. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నమోదు నిబంధనల ప్రకారం, ఆ వర్గంలో నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి తప్ప నిత్యం రోడ్డు మీద నడపరాదు. అలా అరుదుగా, కొద్ది దూరమే తిరిగే ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోదు. ఆయిల్ పోసే మూత తీస్తే అడుగున మీగడ రంగులో నురగ కనిపించడం దీనికి గుర్తు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఇటువంటి కార్లలో ఈ చిక్కు మరింత కావచ్చు. అందువల్ల తిరిగినది 500 కిలోమీటర్లే అయినా ఏడాదికొకసారి ఆయిల్ మార్చడం, ఏడాదికి మించి నిలవలేని ఆయిల్‌కు సింథటిక్ ధర పెట్టకుండా నమ్మదగిన ఖనిజ ఆయిల్‌నే వాడడం మేలు. గేర్‌బాక్సుకు జీఎల్-5 గుర్తున్న ఆయిల్ పోయకూడదు, దానిలో అధికంగా ఉండే గంధక పదార్థాలు ఇత్తడి, కంచు భాగాలను తినివేయగలవు.

ఆయిల్‌ను ఇంజను వేడిగా ఉన్నప్పుడే దించాలి, చల్లారితే మలినాలు అడుగునే ఉండిపోతాయి. అలా దించిన నల్లటి ఆయిల్‌ను కాలువలో పారబోస్తే అంబర్‌పేటలో అది చేరేది మూసీకే. అక్కడి మురుగుశుద్ధి కేంద్రం ఇంజను ఆయిల్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టినది కాదు. వాడిన ఆయిల్‌ను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద మోపే నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి కనుక, దాన్ని కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే నింపి, నీళ్లు గాని పెట్రోలు గాని కలవకుండా మూత బిగించి, అనుమతి ఉన్న సేకరణదారుకు అప్పగించాలి.