పాత కారు మెరుపు – వంటింటి దినుసులు

కొన్ని వస్తువులు మనం కొన్నవి కావు, పెద్దలు అప్పగించి వెళ్లినవి. కొన్ని ఇళ్ల ముంగిట ముసుగు కప్పుకొని నిలిచిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు అటువంటి అమానత్‌లే. ఉత్తరపారా కర్మాగారంలో 2014లో అంబాసిడర్ తయారీ నిలిచిపోయింది. పద్మిని తయారీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆగింది. ఇక మిగిలినవే మిగిలినవి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో చూసినవారికి, శ్రద్ధగా కాపాడితే ఒక వాహనం శతాబ్దం దాటి ఎలా నిలుస్తుందో తెలుస్తుంది.

అయితే పండుగ దగ్గరపడగానే చేతికందిన సబ్బుతో, పీచుతో కారును తోమే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. ఖరీదైన ద్రావకాలు లేకుండానే పాత కారును శుభ్రపరచవచ్చుననడం నిజమే. కాని వంటింట్లో ఏది మేలు చేస్తుందో, ఏది చెరుపు చేస్తుందో ముందుగా తెలియాలి.

పాత రంగు స్వభావం

నేటి కార్ల రంగుపై పారదర్శకమైన క్లియర్‌కోట్ అనే రక్షణ పొర ఉంటుంది. ఆనాటి కార్లలో చాలావాటికి అది లేదు, రంగే పైపొర. అందుకే పాలిష్ చేసినప్పుడు కారు రంగు గుడ్డకు అంటుకుంటుంది. అంటే రుద్దిన ప్రతిసారీ రంగు కొంత తరుగుతున్నదన్నమాట. తలుపుల అంచుల వద్ద, బానెట్ మలుపుల వద్ద ఆ పొర మరింత పల్చన. మళ్లీ రంగు వేయించవచ్చు గాని, అసలు రంగు మాత్రం తిరిగి రాదు. కనుక తక్కువ రుద్దడమే మొదటి సూత్రం.

కడిగే పద్ధతి

కారును నీడలో నిలిపి, ఇంజన్ చల్లారిన తరువాత ముందుగా నీళ్లు పోసి దుమ్మును జారనివ్వాలి. పొడి దుమ్ముపై గుడ్డ వేస్తే ఇసుక కాగితంతో గీసినట్లే. రెండు బకెట్లు పెట్టుకోవాలి: ఒకదానిలో కొద్దిగా పిల్లల షాంపూ కలిపిన నీళ్లు, రెండవదానిలో గుడ్డ జాడించేందుకు మంచినీళ్లు. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. గిన్నెలు కడిగే ద్రవం జిడ్డుతో పాటు రంగును కాపాడే మైనాన్ని కూడా తొలగిస్తుంది. కొత్తగా మైనం పూయబోయే రోజున తప్ప దానిని వాడరాదు.

తుడవడానికి మెత్తబడిన నూలు లుంగీయో, పాత బనియనో చాలును. గుండీలు, జరీ, గట్టి కుట్లు ముందే కత్తిరించాలి. నేలపై పడిన గుడ్డను ఉతకకుండా మళ్లీ కారుకు తాకించరాదు. పక్షి రెట్టను గోటితో గీకక, తడి గుడ్డను కొన్ని నిమిషాలు కప్పి ఉంచితే మెత్తబడి వస్తుంది. తారు మరకపై కాస్త వంటనూనె రాసి, నానిన తరువాత తుడిచి, షాంపూ నీటితో కడగాలి.

అద్దాలు, బంపర్లు, బ్యాటరీ

బోరు నీటి తెల్లని మచ్చలు సున్నపు పదార్థం వల్ల ఏర్పడతాయి. వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి అద్దాలపై తుడిస్తే అవి కరుగుతాయి. వెంటనే మంచినీటితో కడిగివేయాలి.

క్రోమ్ బంపర్‌పై తేలికపాటి తుప్పుకు, రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకును నలిపి, నీటిలో ముంచి మృదువుగా రుద్దవచ్చు. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తనిది గనుక గీతల భయం తక్కువ. పొర లేచిపోయిన చోట మాత్రం ఏదీ పనిచేయదు. ఇత్తడి బిందెకు వాడే చింతపండు, ఉప్పు బంపర్‌కు తగవు. ఉప్పు క్రోమ్‌కు శత్రువు.

బ్యాటరీ కొసలపై పేరుకున్న తెల్లని పొడికి వంటసోడా, నీళ్లు కలిపిన ముద్ద మంచి విరుగుడు. ముందు నెగటివ్ తీగ విప్పాలి. సోడా బ్యాటరీ లోపలికి పోకుండా చూడాలి.

వద్దనవలసినవి

కొందరు కిరోసిన్‌తో తుడిచి మెరుపు తెస్తారు. ఆ మెరుపు నూనె తడి మాత్రమే. అది మైనాన్ని కరిగిస్తుంది, రబ్బరును ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. దానికి తోడు నిప్పు భయం. టూత్‌పేస్ట్ నేటి ప్లాస్టిక్ దీపాల మసకను కొంత తీస్తుంది. పాత కార్ల దీపాలు గాజువి, వాటికి దాని అవసరమే లేదు. రంగుపై పూస్తే అదీ గరుకే. స్టీలు పీచు, బూడిద దరిచేరనీయరాదు.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక: వెనిగర్‌ను బ్లీచింగ్ ద్రవంతో ఎన్నడూ కలపరాదు. ఆ కలయిక నుంచి విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. పిల్లలు సహాయం చేసే ఇళ్లలో ఈ రెండు సీసాలు ఒకేచోట ఉండకుండా చూడాలి.

వంటింట్లో దొరకనిది ఒక్కటే, మైనం. దానికి మాత్రం కార్ల కోసం తయారైన మైనపు డబ్బా కొనుక్కోవలసిందే. ఏ దినుసునైనా ముందుగా కంటికి కనిపించని మూల కొద్దిగా పరీక్షించి చూడండి. గుడ్డకు రంగు దిగితే అక్కడితో ఆపండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేని కారును వింటేజ్ వాహనంగా గుర్తిస్తారు. తండ్రి అప్పగించిన కారును మనవల చేతికి ఆ రూపంలోనే అందించదలచినవారు, తొందరపాటును పక్కనపెట్టి, నెలకొక ఉదయం దాని కోసం కేటాయించాలని మా మనవి.