ఓ చెయ్యి వెయ్యి తమ్మీ!

మొన్న వేసవిలో, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మా అబ్బాయిని తీసుకుని ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌లోని పుట్టింటికి వెళ్లాను. టవర్ సర్కిల్ దగ్గర ఒక సందులో మా వాళ్లకు టీవీలు బాగుచేసే దుకాణం ఉంది. ఒకప్పుడు బాపు నడిపేవాడు. ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని నేను వెళ్లేసరికి, ఆటోలోంచి దించిన పాత డబ్బా టీవీ ఒకటి గడప పక్కన ఉంది. 29 అంగుళాలది. మా వాడు నడుం వంచి దానికి రెండు పక్కలా చేతులు పెట్టాడు.

"వద్దురా! ముట్టుకోకు!"

నేను అరిచిన అరుపుకి పక్క దుకాణం వాళ్లు కూడా తొంగి చూశారు. "టీవీకేం కాదులే అమ్మా" అని మా వాడు నవ్వాడు. నా భయం టీవీ గురించి కాదు. వాడి నడుం గురించి.

1999లో నేను ఏడో తరగతి చదువుతున్నాను. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి దుబాయికీ మస్కట్‌కీ పోయినవాళ్లు సెలవు మీద వస్తూ వస్తూ పెద్ద టీవీ ఒకటి వెంట తెచ్చుకునే రోజులవి. అవి పాడైతే మా బాపు దగ్గరికే వచ్చేవి. ఆ రోజు అలాంటి టీవీ ఒకటి బాగుచేసి బల్ల మీద పెట్టాడు. దాని తాలూకు మనిషి బస్సుకు టైమవుతోందని ఒకటే తొందర. పనిలో ఉండే పిల్లవాడు అన్నానికి వెళ్లాడు. ఎదురుగా చాయ్ హోటల్లో నలుగురు మగవాళ్లు ఊరికే కూర్చుని ఉన్నారు. బాపు ఎవర్నీ పిలవలేదు. ఒక్కడే ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే నడుం తిప్పాడు. టీవీని మాత్రం పదిలంగా కింద పెట్టాడు. తను మళ్లీ లేవలేకపోయాడు.

మూడు నెలలు మంచం మీదే ఉన్నాడు. అవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. ఆగిపోయిన టీవీల కోసం వచ్చినవాళ్లకు "ఇంకో వారం ఆగుండ్రి" అని చెప్పడం నా పని. చెప్పి చెప్పి నాకే సిగ్గేసేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఎవర్నైనా పిలవకపోయావా బాపూ అని.

"పిలిస్తే వచ్చేటోళ్లే బిడ్డా. గింత దానికి పిలుసుడేందని నామోషయింది" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

బరువంతా ముందే

డబ్బా టీవీని చూసి చాలామంది మోసపోతారు. వెనకాల పెద్దగా కనిపించేదంతా ప్లాస్టిక్ డొల్ల. బరువంతా ముందు, తెర దగ్గరే ఉంటుంది. పిక్చర్ ట్యూబ్ అంటే లోపలి గాలి తీసేసిన పెద్ద సీసా అన్నమాట. బయటి గాలి ఒత్తిడికి తట్టుకోవాలని తెర వైపు అద్దాన్ని మందంగా చేసేవారు. 21 అంగుళాల టీవీ 20 నుంచి 25 కిలోలు తూగితే, 29 అంగుళాలది 40 కిలోలు దాటేది. పక్కలు పట్టుకుని ఎత్తామా, తెర వైపు ఒరిగిపోతుంది. ఆ ఒరుగును ఆపబోయినప్పుడే నడుం పట్టేస్తుంది.

అందుకని తెర మన గుండెకు ఆనేలా పట్టుకోవాలి. నీళ్ల బిందె చంకనెత్తుకుంటే బావి నుంచి ఇంటిదాకా మోస్తాం. అదే బిందెను చేతులు చాపి పట్టుకుని పది అడుగులు వేయమనండి చూద్దాం! బరువు ఒంటికి ఎంత దూరమైతే నడుముకు అంత భారం.

అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం గురించి పరిశోధించే నియోష్ అనే సంస్థ 1991లో ఒక లెక్క కట్టింది. బరువు ఒంటికి దగ్గరగా ఉండి, వంగకుండా, తిరగకుండా, పట్టు బాగా దొరికినా సరే, ఒక మనిషి ఎత్తే బరువు 23 కిలోలకు మించకూడదట. వంగినా, తిరిగినా ఆ లెక్క ఇంకా తగ్గుతుంది. బాపు ఒక్కడే ఎత్తింది దాదాపు దానికి రెండింతలు!

దెబ్బ తిన్నాక పెట్టుకున్న కట్టుబాట్లు

లేచి తిరగడం మొదలుపెట్టాక బాపు దుకాణం తీరే మార్చేశాడు. నేల మీద టీవీ పెట్టడం మానేసి, నడుం ఎత్తు బల్లలు వేయించాడు. బల్ల నుంచి బల్లకు జరపడం సులువు, నేల మీంచి ఎత్తడమే కష్టం. కింద నాలుగు చక్రాలు బిగించిన చెక్క బండి ఒకటి చేయించాడు.

21 అంగుళాలు, అంతకు పైబడినవి ఏవైనా ఇద్దరు పట్టాల్సిందే. ఎత్తేముందు తీగలన్నీ తీసి, దారిలో గడప ఉందా, చెప్పులున్నాయా చూసుకుని, ఎక్కడ దించాలో ముందే చోటు చేసుకోవాలి. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి కూర్చుని, అడుగు భాగాన చేతులు వేసి, నడుం నిటారుగా ఉంచి కాళ్ల బలంతో లేవాలి. పక్కకు తిరగాల్సి వస్తే పాదాలు తిప్పాలి గానీ నడుం తిప్పకూడదు. ఇద్దరిలో ఒకరే "లేపు" అనాలి. ఇద్దరూ అంటే ఇద్దరివీ తలో దారి.

ఆటోలో వేసేటప్పుడు బొంత పరిచి తెరను కిందికి పెట్టి పడుకోబెట్టేవారు. బరువున్న వైపు కిందికి ఉంటే దొర్లదు.

వెనక మూత తీసిన టీవీని మాత్రం మోయనిచ్చేవాడు కాదు. రంగుల టీవీ ట్యూబుకు 25 వేల వోల్టుల దాకా ఇస్తారు. ప్లగ్గు పీకేశాక కూడా అందులో కొంత కరెంటు నిలవ ఉండిపోతుంది. చెయ్యి తగిలితే ఒళ్లు ఝల్లుమని ఎగిరిపడతాం. ఎగిరిపడ్డవాడి చేతిలోంచి టీవీ జారి కాళ్ల మీద పడుతుంది. ఇంట్లో పాత టీవీ ఉంటే దుమ్ము దులుపుదామని మూత విప్పకండి. అది మెకానిక్ పని.

ఇప్పటి ఎల్ఈడీ టీవీలు తేలికే. 43 అంగుళాలదైనా 10 కిలోలకు అటూ ఇటూ. కానీ వెడల్పు ఎక్కువ, ఒక్కరికి పట్టు దొరకదు. వేలితో గట్టిగా నొక్కితే తెర లోపలే చిట్లిపోతుంది. వాటికీ ఇద్దరు కావాలి, నిలువుగానే మోయాలి.

మరి మన వంటింట్లో?

గాయమయ్యేంత బరువు ఎవరి చేతా ఎత్తించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో రాశారు. ఇద్దరు ముగ్గురు పనిచేసే మా దుకాణం లాంటివి ఫ్యాక్టరీ లెక్కలోకి రావు. ఇక వంటింటి సంగతి అడిగేదెవరు? గ్యాస్ సిలిండర్లో గ్యాస్ 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు 30. బియ్యం బస్తా 25. నీళ్ల క్యాన్ 20. బాపు కథంతా తెలిసిన నేనే ఆదిలాబాద్‌లో, బాబు పుట్టిన మూడో నెలలో, ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎందుకులే అని సిలిండర్ ఎత్తాను. వారం రోజులు పిల్లవాణ్ణి ఎత్తుకోలేకపోయాను. కాన్పయిన కొత్తలో, ఆపరేషన్ అయిన కొత్తలో బరువులు ఎత్తొద్దని డాక్టర్లు ఊరికే చెప్పరు.

నడుం పట్టేస్తే నెలల తరబడి మంచం పట్టడం మంచిది కాదని ఇప్పటి డాక్టర్లు అంటున్నారు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, మెల్లగా అటూ ఇటూ నడవడమే మేలట. కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా మాత్రం తోముడు, పట్టీలు అంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బరువు ఎత్తడం ఎలాగో చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఇంకో చెయ్యి అడగడమే మనకెవరూ నేర్పరు. మగపిల్లలకు అది నామోషీ, ఆడవాళ్లకు మొహమాటం.

ఆ మధ్యాహ్నం దుకాణంలో బాపు స్టూలు మీద కూర్చుని అంతా వింటున్నాడు. డెబ్భై దాటాయి, ఇప్పటికీ వంగి చెప్పులు తొడుక్కోలేడు. మనవణ్ణి దగ్గరికి పిలిచి తెర ఎటుందో, చేతులు ఎక్కడ వేయాలో చూపించాడు. మా వాడు బుద్ధిగా విని, టీవీ ముందు మోకాళ్లు వంచి కూర్చుని, లోపలికి చూసి కేకేశాడు.

"మామా, జర ఓ చెయ్యి వెయ్యవా!"

తమ్ముడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి లేచాడు. బాపు "లేపుండ్రి" అన్నాడు.