పోలో వీరుడు హణూత్‌సింగ్

పదియెకరాల చెరకుతోట యెంత యుండునో బోధన్ ప్రాంతపు పిల్లలకు వేరుగ చెప్ప నక్కరలేదు. పోలో ఆడు మైదానము రమారమి అంత యుండును. పొడవు 300 గజములు. ప్రక్కల చెక్కలు అడ్డు పెట్టినచో వెడల్పు 160 గజములు. ఇంత చోట నొక్కొక్క పక్షమున నలుగురే ఆడుదురు. అందరును గుర్రములమీద నుందురు. ఎడమచేత కళ్లెము, కుడిచేత పొడవైన కఱ్ఱ పట్టి, పరుగులోనే వంగి, నేలనున్న చిన్న బంతిని ఎదుటివారి గుంజల నడుమకు కొట్టవలెను. ఎడమచేతి వాటము గలవాడైనను కుడిచేతనే ఆడవలెనని నియమము. కానిచో ఎదురెదురుగా వచ్చు గుర్రములు ఢీకొనును.

ఆట సుమారు ఏడేసి నిమిషముల భాగములుగా సాగును. ఒక్కొక్క భాగమునకు గుర్రమును మార్తురు. ఆ వేగమును ఏ గుర్రమును అంతకుమించి తాళజాలదు. ఉరుకుచున్న గుర్రము కళ్లెము కొంచెము కదలిన చాలును, ఆగి వెనుదిరుగవలెను. చెవి ప్రక్కనే కఱ్ఱ విసరినను బెదరరాదు. కనుక గెలుపులో సగము గుర్రమునదే.

ఈ ఆట మన నేలకు క్రొత్త కాదు. నిజామాబాదు నిజాం రాజ్యమున భాగమై యున్న కాలమున గోలకొండ దళము వారి పోలో జట్టు దక్షిణదేశమున మేటియని పేరొందెను. 1896లో హైదరాబాదున ఆ జట్టును ఓడించిన ఆంగ్లేయులలో విన్‌స్టన్ చర్చిల్ అను యువకు డొకడు. తరువాత బ్రిటనుకు ప్రధానమంత్రియైన చర్చిలే యితడు!

ఇట్లు సంస్థానముల నీడలో పెరిగిన యీ ఆటకు భారతదేశమున అగ్రగణ్యుడు జోధపురమునకు చెందిన రావురాజా హణూత్‌సింగ్ (1900–1982). జోధపుర అశ్వదళమును నెలకొల్పిన సర్ ప్రతాప్‌సింగ్ ఆతని తండ్రి. పోలోలో సామర్థ్యమునుబట్టి ఆటగానికి అంకె నిత్తురు. పదికి మించి లేదు. హణూత్‌సింగ్ తొమ్మిది పొందెను. గుర్రములకు ఆట నేర్పుటలో ఆతడు మిక్కిలి నేర్పరి. 1933లో జయపుర మహారాజు మాన్‌సింగ్ జట్టుతో ఇంగ్లాండునకు వెళ్లెను. ఆ యేడు అక్కడి ప్రధాన పోటీలన్నియు ఆ జట్టే గెలిచెను.

1947 పిమ్మట సంస్థానములు విలీన మయ్యెను. లాయములు వెలవెలబోయెను. సైన్యమున గుర్రపు స్థానమును ట్యాంకు ఆక్రమించెను. ఇక పోలోకు దిక్కెవ్వరు? ఆ దశలో, 1957లో, ఫ్రాన్సు దేశపు దోవిల్ నగరమున జరిగిన ప్రపంచ కప్పు పోటీలో భారత జట్టు విజయము సాధించెను. మాన్‌సింగ్, బిజయ్‌సింగ్, హరిసింగులతోపాటు నాలుగవవాడుగా ఆడిన హణూత్‌సింగునకు అప్పటికి 57 ఏండ్లు! ఆ వయస్సున కేవలము దేహబలము చాలదు. బంతి వచ్చు చోటును ముందే పసిగట్టి, గుర్రమును అక్కడకు చేర్చగల బుద్ధిబలము కావలెను.

మరుసటి యేడు భారత ప్రభుత్వము ఆతనికి పద్మభూషణ్ బిరుద మొసగెను. అర్జున పురస్కారము సామాన్యముగా యువక్రీడాకారుల కందునది. హణూత్‌సింగునకు అది 1964లో, అరువదినాలుగవ యేట లభించెను.