విడుదలకు ముందే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: ప్రయత్నించే ముందు ఏం తెలుసుకోవాలి?

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందరికంటే ముందుగా వాడి చూసే అవకాశం ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ నిపుణులకే ఉండేది. 2014లో మైక్రోసాఫ్ట్ ‘విండోస్ ఇన్‌సైడర్’ కార్యక్రమాన్ని ప్రారంభించి సామాన్య వినియోగదారులకూ ఆ అవకాశం కల్పించింది. అదే ఏడాది యాపిల్ మ్యాక్ కంప్యూటర్లకు, 2015లో ఐఫోన్లకు పబ్లిక్ బీటాలను అందుబాటులోకి తెచ్చింది.

కొత్త ఫీచర్లను ముందే చూడవచ్చన్నది ఇందులోని ఆకర్షణ. అయితే సంస్థలు ఆశించేది వేరు. ప్రపంచంలోని అన్ని రకాల పరికరాలను, అలవాట్లను, భాషలను ఒక ప్రయోగశాలలో పరీక్షించడం సాధ్యం కాదు. ఆ లోటును వినియోగదారులు పూరించాలన్నదే వాటి ఉద్దేశం.

ఒక తెలుగు అక్షరం చెప్పిన పాఠం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం తెరపై కనిపించగానే ఐఫోన్లలో యాప్‌లు మూతపడటం ప్రపంచవ్యాప్తంగా వార్త అయింది. అది ‘జ్ఞా’. మామూలుగా టైపు చేసే ‘జ్ఞానం’ వల్ల ఇబ్బంది లేదు. ఞకార వత్తుకూ దీర్ఘానికీ మధ్య, కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం చేరినప్పుడే సమస్య తలెత్తేది. అప్పటికి పరీక్షల్లో ఉన్న ఐఓఎస్ 11.3 బీటాలో ఈ లోపం లేదు. మిగిలిన వినియోగదారుల కోసం యాపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షన్‌ను విడుదల చేసింది.

వత్తులు, గుణింతాలు, కీబోర్డులకు సంబంధించిన లోపాలు ఆ లిపిని నిత్యం వాడేవారికే ముందుగా కనిపిస్తాయి. అందుకే తెలుగులో రాసేవారు పరీక్షల్లో పాల్గొనడం అవసరం.

నివేదిక అందినా...

అదే ఏడాది అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను తొలగించడంతో, మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే పంపిణీని నిలిపివేసింది. సవరించిన రూపం నవంబరు 13న వచ్చింది. నిజానికి కొందరు ఇన్‌సైడర్లు ఈ సమస్యను ముందే తెలియజేశారు. వారి సంఖ్య స్వల్పం కావడంతో అది మరుగున పడింది. ఆ తర్వాత ‘ఫీడ్‌బ్యాక్ హబ్’లో లోపం తీవ్రతను కూడా తెలిపే వీలు కల్పించారు.

పాటించాల్సిన జాగ్రత్తలు

* రోజూ పనిచేసే కంప్యూటర్‌లో కాకుండా, అదనపు పరికరంలో లేదా వర్చువల్ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేయండి.
* ముఖ్యమైన ఫైళ్ల నకలును వేరే డిస్క్‌లో భద్రపరచి, అది తెరుచుకుంటోందో లేదో చూసుకోండి.
* విండోస్‌లో పలు చానెళ్లు ఉంటాయి. విడుదలకు దగ్గరగా ఉండే ‘రిలీజ్ ప్రివ్యూ’లో ప్రమాదం తక్కువ.
* పాత వెర్షన్‌కు తిరిగి రావాలంటే చాలా సందర్భాల్లో పరికరంలోని సమాచారమంతా తుడిచివేయాల్సి ఉంటుంది.
* పరీక్షలో కనిపించిన ప్రతి ఫీచరూ తుది వెర్షన్‌లో ఉండకపోవచ్చు.

లోపం కనిపిస్తే బిల్డ్ సంఖ్య, అంతకుముందు చేసిన పని, జరగాల్సింది, జరిగింది వరుసగా రాసి స్క్రీన్‌షాట్ జతచేయాలి. అదే సమస్యను మరొకరు అప్పటికే నమోదు చేసి ఉంటే దానికి మద్దతు తెలపాలి. 2018 అక్టోబరు నాటి నివేదికలకు కొరవడింది ఆ మద్దతే.